గొడ్డలి పక్షాన అమ్మ

అన్నయ్యా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నీకు పాతకాలపు యుద్ధాల సినిమాలంటే పిచ్చి కదా, నిన్న టీవీలో ఒకటి వచ్చింది. వెయ్యేళ్ల కిందటి కథ. అడవిజనం దేవతగా కొలిచే చెట్టును, మతప్రచారానికొచ్చిన ఫాదర్ నరుకుతున్నాడు. పిడుగు పడి చస్తాడని వాళ్లంతా ఆకాశంకేసి చూస్తున్నారు. పడలేదు.

అమ్మ ఒక్కసారిగా లేచింది.

"నరికీ బాబూ, నరికీ! మొక్కినోలకి ఏటి సేసినాదది?"

నీ కిడ్నీలు బాగుపడాలని అమ్మోరి వేపకు ముడుపు కట్టిన అమ్మే అలా అరిచింది!

ఈ ఉదయం పలాస ఆసుపత్రిలో నా రక్తపరీక్ష చూసి, నాదీ నీ జబ్బేనన్నారు. ఇంటికొచ్చాక అమ్మ పసుపుగుడ్డ చింపింది. అదే వేపకొమ్మకు, వెలిసిపోయిన నీ ముడుపు పక్కనే, నాదీ కట్టింది.