కుంకుమ బొట్టున్న హెడ్‌ఫోన్

15 జూలై 1994, శుక్రవారం

ఇవాళ నా పరువు పోయింది. అయినా మనసు హాయిగానే ఉంది.

నెల కిందట మా ఫిల్మ్‌నగర్ స్టూడియోకి ఒకే రకం హెడ్‌ఫోన్లు రెండు వచ్చాయి. ఒకటి నేను వాడుతున్నాను, రెండోది డబ్బాలోనే ఉండిపోయింది. మొదటి వారం ప్రతి 'స', ప్రతి 'ష' చెవిలో సూదిలా గుచ్చుకునేది. ఇప్పుడు వెన్నలా ఉంది. వాడగా వాడగా సౌండ్ మెత్తబడిందని అందరికీ చెబుతూ వచ్చాను.

ఇవాళ శుక్రవారమని రెండోదానికీ పూజ చేసి బయటికి తీశాం. 'వాడగా ఇదీ మెత్తబడుతుంది' అని మళ్లీ నా పాత పాట మొదలుపెట్టగానే మా మెకానిక్ యాదగిరి అడ్డుపడ్డాడు.

"హెడ్‌ఫోన్ ఏం మారలే సార్, మీ చెవులే అలవాటు పడ్డయ్. కండ్లు మూసుకోండ్రి, చూద్దాం."

కళ్లు మూసుకుని ఒకే టేపు రెండింట్లోనూ విన్నాను. "ఇదే నాది. ఎంత కమ్మగా ఉందో!" అన్నాను. తీసి చూస్తే దాని మీద కుంకుమ బొట్టు ఇంకా తడిగానే ఉంది. యాదగిరి నవ్వాపుకోలేక బయటికి పరిగెత్తాడు. నేనూ నవ్వేశాను.

సాయంత్రం ఇంకో టేపు గుర్తొచ్చింది. హెడ్‌ఫోన్ పెట్టుకున్న మొదటి రోజే, హీరోయిన్‌కి డబ్బింగ్ చెప్పడానికి మోతీనగర్ నుంచి ఒక కొత్తమ్మాయి వచ్చింది. గొంతు గుచ్చుకుంటోందని నేనే పంపేశాను. ఆ టేపు వెతికి విన్నాను. చక్కటి గొంతు. రేపు కబురు పంపాలి, వస్తుందో రాదో.

హెడ్‌ఫోన్‌కి నెల గడువిచ్చాను. ఆ పిల్లని రెండో డైలాగు కూడా పూర్తి చేయనివ్వలేదు.