బొట్టు పెట్టని అతుకు

యూసుఫన్నా,

నువ్వు పోయాక మన రైస్ మిల్లులో మొదటి దసరా నిన్న అయింది. యంత్రాలన్నీ కడిగి పూజ చేశాం. నీ చిన్న సుత్తికి కూడా పసుపు రాశాం. వడ్లు నానబెట్టే ట్యాంకులకు బొట్లు పెట్టాం గానీ, వెల్డింగ్ అతుకుల మీద మాత్రం పెట్టలేదు.

ఒక దసరాకు నువ్వే అడిగావు. "బొట్లు ఎన్నయినా పెట్టుకోండ్రి గని అతుకుల జోలికి పోకుండ్రి. గక్కడ ఎర్రగ కనవడితే అది తుప్పే అయ్యుండాలె." ఫిట్టర్‌కు పూజ సంగతి ఎందుకని ఒక్కరూ అనలేదు. రంగు కింద తుప్పు పొక్కులా లేచినా నీ అరచేతికి తెలిసిపోయేదని అందరం చూసినవాళ్లమే.

ఈ ఉదయం ట్యాంకులో ఉడుకు నీళ్లు నింపాక అతుకు కింద సన్నటి ఎర్ర చార కనిపించింది.

"నిన్నటి కుంకుమ కారినట్టుంది," అంది లక్ష్మమ్మ.

"గక్కడ మనం పెట్టలే గదా, అక్కా!" అన్నాను.

ఇద్దరం సూపర్‌వైజర్ దగ్గరికి ఉరికాం. ఆయన వెంటనే ట్యాంకు ఖాళీ చేయించాడు. గీకి చూస్తే, సుత్తి మొన ఆనించగానే రేకు లోపలికి పోయింది. ఆ ట్యాంకు కిందే మేం పొద్దంతా ఊడుస్తాం, అన్నా.

మిర్యాలగూడ నుంచి వెల్డర్ వచ్చి కొత్త రేకు అతికించాడు. లక్ష్మమ్మ దాని చుట్టూ బొట్లు పెడుతూ వచ్చి, అతుకు దగ్గర చేయి ఆపింది.

"గీ జాగా యూసుఫన్నది," అంది.

నీ చెల్లె,
సత్తెమ్మ