నెత్తి గుంజుతుందంటే జడ వదులు చేశాను

బాన్సువాడ

అక్కయ్యకు చెల్లెలు సుబ్బులు దణ్ణం పెట్టి రాసేది. నువ్వు, బావగారు, పిల్లలు, నాన్నగారు కులాసాగా ఉన్నారని తలుస్తాను. మేమూ కులాసా అని రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

వర్ని పక్కన కొన్న పొలానికి కాలువ నీళ్లు బాగానే వస్తున్నాయి. తిండికి లోటు లేదు, ఆ దిగులు పెట్టుకోకు. దిగులంతా మన రత్నం గురించే.

ఇక్కడికొచ్చాక అది ఇరుగుపొరుగు పిల్లలతో ఆడి ఇక్కడి మాటే పట్టుకుంది. నాకు ఒళ్లు మండేది. తెనాలి పిల్లవు, తిన్నగా మాట్లాడవే అని కసురుకునేదాన్ని. దసరా వెళ్లాక ఒకనాడు పొద్దున్నే లేచి, "అమ్మా, నెత్తి గుంజుతుంది" అంది. జడ బిగించి వేశాననుకుని వదులు చేశాను. మర్నాడూ అదే మాట. ఆముదం రాసి చిక్కు తీశాను. మూడోనాడు విసుగొచ్చి, జుట్టు కత్తిరించేస్తానన్నాను. దాంతో చెప్పడం మానేసింది. లేవగానే వాంతి చేసుకుంటుంటే పైత్యమని శొంఠి కషాయం పోశాను. నా అంత తెలివిగల తల్లి ఇంకెక్కడైనా ఉంటుందా, చెప్పు.

మొన్న పిల్ల గోడ పట్టుకుని నడవడం పక్కింటి గంగవ్వ చూసి, ఎన్నాళ్లనుంచని అడిగింది. జడ సంగతి చెప్పాను.

"గుంజుడంటే నొచ్చుడు బిడ్డా. పిల్ల నెత్తి నొస్తుందని మొత్తుకుంటే నువ్వు జడ చూస్తుంటివా?" అంది.

ఆ పూటే బండి కట్టించి ఈ బాన్సువాడ దవాఖానకు తెచ్చాం. ఎండకో, ఆకలికో, జ్వరానికో పిల్లలకు తలనొప్పి రావడం మామూలేనట. నిద్రలోంచి లేపే నొప్పి, పొద్దుటి వాంతులు, తూలుడు, మెల్లకన్ను, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే తీసుకురావాలట. మేము అన్నీ అయ్యాక తెచ్చాం. తలలో ఏదో పెరుగుతోందని డాక్టరుగారి అనుమానం. హైదరాబాదు పెద్ద దవాఖానకు వెళ్లమన్నారు. అక్కడైనా నమ్మకంగా చెప్పలేమన్నారు.

రేపే ప్రయాణం. తమ్ముణ్ణి వెంటనే హైదరాబాదు పంపించు. నాన్నగారికి మెల్లగా చెప్పు. మీ పిల్లలు తలపోటంటే ఎప్పుడొస్తోంది, ఎలా ఉందని కూర్చోబెట్టి అడుగు. నాలాగా నీకు నువ్వే అర్థం చెప్పుకోకు. పెద్దలందరికీ నా నమస్కారాలు. రత్నాన్ని దీవించమని అందరినీ అడిగానని చెప్పు.

ఇది రాస్తుంటే పిల్ల నా కొంగు తడుముకుంటూ, "అమ్మా, పొద్దుగూకిందా?" అంది. దవాఖాన వసారా నిండా మిట్టమధ్యాహ్నపు ఎండ.

"గూకింది బిడ్డా" అన్నాను.

నీ చెల్లెలు,
సుబ్బులు