చక్కెరకేళి లారీలో కర్పూరం గెలలు

ఏవండీ,

మీ సంవత్సరీకం దగ్గర్నుంచి నాకు నిద్ర లేదు, కాలు ఒకచోట నిలవట్లేదు. అలమరలో మీ నిద్రమాత్రలు మిగిలి ఉంటే వారం రోజులుగా అవే వేసుకుంటున్నాను.

ఇవాళ పొద్దున్న రావులపాలెంలో మన అరటిపళ్ల కొట్లో, చక్కెరకేళి ఎక్కాల్సిన లారీలోకి దగ్గరుండి కర్పూరం అరటిగెలలు ఎక్కించేశాను. సగం లోడయ్యాక మేస్త్రి సత్యం చూసి, "అమ్మగారూ, కాసేపు కూర్చోండి" అని కుర్చీ వేశాడు. గెలలన్నీ దింపించాడు. ఎవరూ ఒక్క మాట అనలేదు.

సాయంత్రం చూపించుకోడానికి వెళ్తే డాక్టరమ్మగారే కేకలేశారు. "ఆయన మాత్రలు మీరెలా వేసుకుంటారండీ? కొందరికి ఆ మత్తు పొద్దున్న కూడా వదలదు. తల తిరుగుతుంది, నోరెండిపోతుంది, చేసిన పని గుర్తుండదు. మీ ఆయన కూడా ఇవే చెప్పేవారు కదా!"

ఆవిడకి చెప్పారు. నాకెందుకు చెప్పలేదు?

చెప్పనిచ్చానా అసలు? మీ చివరి వేసవిలో మీరూ అచ్చం ఇలాగే ఒక లారీకి బదులు ఇంకో లారీ నింపించారు. కూలీలందరి ముందూ "పొద్దున్నే తాగొచ్చారా?" అన్నాను. మీరు తూలుతూ, ఒక్కో గెలా మీరే దింపుకున్నారు.

నేను కుర్చీలో కూర్చుని చూశాను.