సంస్మరణ సభలోని ఫొటో గురించి

గోపన్‌పల్లి

మన అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి చలపతిరావు గారికి నమస్కారం.

సరిహద్దులో విధి నిర్వహణలో ఉండగా మంచుచరియ విరిగిపడి మరణించిన సుబేదార్ ధన్‌బహదూర్ గారి సంస్మరణ సభను మొన్న ఆదివారం ఘనంగా జరిపినందుకు అభినందనలు. నేపాల్‌లో పుట్టి, మన సైన్యంలోనే జీవితమంతా పనిచేసి, మన బ్లాకులో ఇల్లు కొనుక్కున్న మనిషిని సంఘం తలచుకోవడం సముచితమే.

ఫ్లెక్సీ మీద కమిటీ సభ్యులందరి ఫొటోలూ నిర్దోషంగా ఉన్నాయి. వేదిక మీద పూలదండ వేసిన ఫొటో మాత్రం మన గేటు వాచ్‌మన్ టేక్‌రాజ్‌ది. ఆ సమయానికి అతడు అతిథులకు కుర్చీలు వేస్తున్నాడు.

ముందు వరుసలో ఉన్న సుబేదార్ గారి భార్య మాయ లేచి, "ఈయన మా ఆయన కాదండీ," అన్నారు. కోశాధికారి శివశంకర్ గారు, "జర అడ్జస్ట్ కాండమ్మా, ఇద్దరూ నేపాలోళ్లే కదా, ఫరక్ ఏముంది?" అని ఓదార్చారు. వెంటనే మీరు రెండు నిమిషాల మౌనం ప్రకటించారు. మౌనం ముగిసేదాకా ఆమె ఆగలేదు. బతికున్న మనిషి ఫొటో మీది దండ తీసేసి వెళ్లిపోయారు.

సుబేదార్ గారి పేరు పెట్టబోతున్న మన పార్కులో నిలిపే శిలాఫలకం మీద కూడా అదే ముఖం చెక్కించేశామని, ఇక మార్చడం కుదరదని నిన్న మీరు ఆమెకు చెప్పారట. అందువల్ల ఆమె కోరిన మీదట ఈ విన్నపం రాస్తున్నాను. ఆ ఫలకం పెట్టవద్దు. పార్కుకు ఆయన పేరూ వద్దు. దయచేసి మీ పేరే పెట్టుకోండి. మీ ముఖం విషయంలో కమిటీ ఎన్నడూ పొరపాటు పడలేదు.

ఇట్లు,
సి-బ్లాకు నివాసి