పిస్టన్ల మీది నంబర్లు

చిక్కపేట, బెంగళూరు
20 అక్టోబరు 1946

చిరంజీవి ఓబళప్పను మీ నాయన ఆశీర్వదించి రాసేది. ఇక్కడ మీ అమ్మా నేనూ క్షేమం. నాకు ఒళ్ళు మండుతూ ఉండడం తప్ప వేరే జబ్బేం లేదు. జబల్పూరు మిలిటరీ క్యాంపులో నీకు తిండి సరిగ్గా దొరుకుతోందో లేదో ఒక్క ముక్క రాయలేదు. కాగితం అటూ ఇటూ మోటారు సంగతే.

అడిగావు కాబట్టి చెబుతాను. పోయిన సెలవులో నువ్వు విప్పిపెట్టిన ఆ పాతకారు ఇంజను ఇంకా పడసాల నిండా పరుచుకునే ఉంది. తుప్పంతా గీకాను. వాల్వులు ఎనిమిదీ చేత్తోనే అరగదీశాను. గోళ్ళలో మసి పోవడం లేదు, అన్నం కలుపుకుంటే కిరసనాయిలు వాసన. ఇంజను బ్లాకుకు పచ్చరంగు రెండుసార్లు వేస్తే రెండుసార్లూ పొక్కులొచ్చాయి. మళ్ళీ గీకి మూడోసారి వేశాను. "ఈ ఇనుము నా పడసాల్లో ఇంకెన్ని దినాలు ఉండాల?" అని మీ అమ్మ రోజూ సణుగుతోంది.

నువ్వు రాసినట్టే మెకానిక్ శ్రీనివాసప్పను పిలిపించాను. పిస్టన్లు నాలుగూ తిప్పి తిప్పి చూశాడు. "ఏది యా సిలిండర్‌దో గుర్తే లేదు కదప్పా. ఇన్నేండ్లు అరిగినవి, తారుమారైతే ఇంజను చెడతాది. విప్పినోడే రావల్ల" అని చేతులు తుడుచుకుని వెళ్ళిపోయాడు. నువ్వు వాటి మీద రంగుతో వేసిన నంబర్లు ఆయుధపూజకు కడిగినప్పుడు పోయాయని, మీ అమ్మే కడిగిందని అతనికి చెప్పాను.

అది అబద్ధం. పాపం, మీ అమ్మ ఒక్కో నంబరునూ తప్పించి పక్కన కుంకుమ పెట్టింది. తుడిచింది నేను. పండగైన నాలుగోరోజు నీ ఉత్తరం వచ్చింది. పట్టాళంలో ఇంకో మూడేళ్ళు ఉంటానని నెలాఖరుకు సంతకం పెడతానన్నావు. ఇంజను శ్రీనివాసప్ప చేత బిగించి కారు అమ్మేయమన్నావు. టాక్సీ నడుపుకుంటూ ఇక్కడే ఉంటానన్న నీ మాట నమ్మే కదా, ఈ వయసులో ఆరు నెలలు ఆ మసిలో కూర్చున్నాను. కోపం పట్టలేక కిరసనాయిలు గుడ్డ తీసుకున్నాను. నాలుగో పిస్టన్ దగ్గర చెయ్యి కాస్త ఆగింది. అదీ తుడిచేశాను.

తప్పే, ఒప్పుకుంటున్నాను. యుద్ధం ముగిసి ఏడాది దాటింది, నిన్ను చూడకుండా ఇంకో మూడేళ్ళు నావల్ల కాదు. ఇప్పుడా ఇంజను నువ్వు తప్ప ఎవరూ బిగించలేరు. నన్ను తిట్టాలనుంటే ఉత్తరంలో వద్దు. వచ్చి, ఎదురుగా నిలబడి తిట్టు.

ఇట్లు,
మీ నాయన
చిన్నప్ప