ఒక్క లైనే కదా పిన్నీ

ఇంచాన్,
21 నవంబరు 2019, గురువారం.

చెల్లెలు సొన్‌జుకి,

నీ అక్క గుమోక్ రాస్తున్నది. నేను లేచి తిరుగుతూనే ఉన్నాను. నువ్వూ అలాగే ఉన్నావని, ఆ సముద్రపు గాలి నీ దగ్గును పెంచలేదని తలుస్తున్నాను. ఈ ఏడు కిమ్చి పచ్చడి ఇరవై క్యాబేజీలతో సరిపెట్టాను. పక్కన ముల్లంగి తరిగేవాళ్ళు లేక మధ్యాహ్నానికే చేతులు పడిపోయాయి.

ఈ కాలంలో కాగితం మీద ఉత్తరమేమిటని నవ్వుకుంటావేమో. నీ నంబరు మారిపోయింది. మారకపోయినా ఫోన్లో చెప్పేదాన్ని కాదు. మన బాధితుల సంఘం ఆఫీసు కంప్యూటరుతో కలిపి వాడిన దేన్నీ ఇప్పుడు ముట్టుకోవడం లేదు.

ఏప్రిల్లో మనం పోట్లాడుకున్న మాటలు నీకూ గుర్తుండే ఉంటాయి. కీబోర్డు కింద పాస్‌వర్డు చీటీ అంటించానని నువ్వు చించి పారేశావు. "నీకు లోకంలో అందరూ దొంగలే" అన్నాను. "అందరూ కాదక్కా, ఒక్కడు చాలు" అన్నావు. నువ్వు మెట్లు దిగుతుంటే కింద నూడుల్స్ కొట్టావిడ ఏమైందని అడగడం నాకు పైకి వినిపించింది. నేను కిందికి రాలేదు.

నువ్వు వెళ్ళేనాటికి మన జాబితాలో ముప్పై ఒక్కమంది. ఫ్యాక్టరీలో సర్క్యూటు బోర్డులు రసాయనాలతో కడిగి కడిగి కిడ్నీలో, ఊపిరితిత్తులో, రక్తమో పాడైనవాళ్ళు. పేరు, అడ్రసు, జబ్బు, ఇంటి సంగతులు, అన్నీ లినక్స్ నడిచే ఆ కంప్యూటరు పెట్టెలోనే. అది నువ్వు నాకు అప్పగించిన పెట్టె. ఏ ప్రోగ్రాం కావాలన్నా ముందు అందులోని స్టోరులో వెతకమన్నావు. బయటివాళ్ళు పంపిన లైను అర్థం కాకుండా, ఆజ్ఞలు కొట్టే ఆ నల్ల తెరలో అతికించవద్దన్నావు. పాస్‌వర్డు అడిగిందంటే ఇంటి తాళాలు అడిగినట్టే అనుకోమన్నావు. నా నోటుబుక్కులో నీ రాత ఇంకా ఉంది.

ఆగస్టులో ఓక్ ఛంగున్ అనే అతను వచ్చాడు. ముప్పై ఐదేళ్ళుంటాయి. తన అత్తగారు మన ఫ్యాక్టరీ రెండో బిల్డింగులో పనిచేసిందని, ఇప్పుడు పుఛన్‌లో మంచం పట్టిందని చెప్పాడు. వారానికి రెండుసార్లు వచ్చేవాడు. నేల తుడిచేవాడు, బార్లీ టీ కాచేవాడు. మన జాబితాలోని మల్సున్ జబ్బుపడ్డ తన భర్త గురించి చెప్పి ఏడిస్తే తనూ కళ్ళు తుడుచుకునేవాడు. నన్ను పిన్నీ అని పిలిచేవాడు. నువ్వు వెళ్ళిపోయాక ఆ గదిలో నన్ను ఎవరైనా ఏదైనా వరస కలిపి పిలిచి చాలా రోజులైంది.

సెప్టెంబరులో ఆసుపత్రివాళ్ళు మనవాళ్ళలో ఒకరి స్కానింగు సీడీ ఇచ్చారు. ఎంత నొక్కినా తెరుచుకోలేదు. ఛంగున్ నా భుజం మీదుగా చూసి, "ఇవి లినక్స్‌లో మామూలుగా తెరుచుకోవు పిన్నీ. నేనొక లైను పంపుతాను, నల్ల తెరలో అతికించి పాస్‌వర్డు కొట్టండి" అన్నాడు.

ముందు స్టోరులో చూడమని మా సొన్‌జు చెప్పిందన్నాను.

"ఆవిడెవరో మిమ్మల్ని బాగా భయపెట్టి వెళ్ళినట్టుందే! స్టోరులో అంతా పాత సరుకే. ఒక్క లైనే కదా పిన్నీ, క్షణంలో అయిపోతుంది" అని నవ్వాడు.

నేనూ నవ్వాను సొన్‌జూ. నిన్ను చూసి నవ్వినట్టు నవ్వాను. పాస్‌వర్డు కొట్టాను. తెర మీద అక్షరాలు జలజలా పరిగెత్తి ఆగిపోయాయి. స్కానింగు తెరుచుకుంది. నల్లని ఊపిరితిత్తి, దాని మీద తెల్లని మచ్చలు. చూశావా, పని జరిగిందని మనసులోనే నీతో అన్నాను.

ఆ తర్వాత అతను మరి రెండుసార్లు వచ్చాడు. ఆపైన రాలేదు. అత్తగారికి బాగాలేదేమో అనుకున్నాను. జావ కాచి పంపుదామని కూడా అనుకున్నాను, ఇల్లెక్కడో తెలియక ఆగాను.

అక్టోబరులో ఒక గురువారం పొద్దున్నే మల్సున్ తలుపు ఎవరో కొట్టారు. ఒక మగ, ఒక ఆడ, ఇద్దరూ ఇస్త్రీ బట్టల్లో, చేతిలో పళ్ళ పెట్టె. "మీవారు డయాలసిస్‌కి వెళ్ళి ఉంటారుగా. మీతో ఒంటరిగా మాట్లాడదామని వచ్చాం" అన్నారట. మల్సున్ వెనకాలే భర్త కూర్చుని జావ తాగుతున్నాడు. అతన్ని చూసి ఇద్దరూ ఒక్క క్షణం బిత్తరపోయారట. అయినా కాగితాలు తీశారు. కంపెనీ మీద మనం వేసిన కేసులో ఉండనని సంతకం పెడితే మంచిదని, వంటవాడిగా చేస్తున్న కొడుకు ఉద్యోగం చల్లగా ఉంటుందని చెప్పారట. కొడుకు పనిచేసే హోటలు పేరు కూడా వాళ్ళే చెప్పారట.

మల్సున్ నేరుగా నా దగ్గరకు వచ్చింది. కూర్చోలేదు. "ఎవరికి చెప్పావే?" అంది.

ఎవరికీ చెప్పలేదని ఒట్టు పెట్టుకున్నాను. అది వెళ్ళాక జాబితా తెరిచి దాని వరుస చూశాను. మంగళ, గురు, శనివారాలు డయాలసిస్ అని ఉంది. వేసవిలోనే వాళ్ళకు సోమ, బుధ, శుక్రవారాలకు మార్చారు. నేను దిద్దడం మరిచాను. ఆసుపత్రిలో అడిగితే సరైన రోజులు చెబుతారు. వీధిలో అడిగినా చెబుతారు. ఆ తప్పు నా జాబితాలో తప్ప లోకంలో ఎక్కడా లేదు. నా తప్పే వాళ్ళ నోటి వెంట వచ్చింది.

వీపు మీద ఎవరో చల్లని చెయ్యి వేసినట్టయింది. పట్టపగలు, కింద కొట్లో గిన్నెల చప్పుడు, అయినా ఆ గదిలో నేనొక్కదాన్నే లేనట్టు అనిపించింది.

నల్ల తెర తెరిచి, నువ్వు నేర్పినట్టు పైకి బాణం నొక్కుతూ పోయాను. ఆ లైను దొరికింది. ఈసారి నీ రాత ఉన్న నోటుబుక్కు పక్కన పెట్టుకుని ఒక్కో ముక్కా చదివాను. మొదటి ముక్క, ఇంటి యజమాని అధికారం ఇమ్మని. తర్వాతిది, ఫలానా చోటి నుంచి ఒకటి తెమ్మని. ఆ చోటికి పేరు లేదు, ఉత్త అంకెలే. చివరిది, తెచ్చినదాన్ని ఎవరూ చూడకముందే నడిపించమని. నెలన్నర కిందట ఐదు నిమిషాలు కూర్చుని చదివి ఉంటే నాకే తెలిసేది. తర్వాత స్టోరులో స్కానింగు అని కొట్టాను. బొమ్మలు తెరిచే ప్రోగ్రాం మూడో వరుసలోనే ఉంది. అప్పుడు నెట్టు వైరు పీకేశాను.

మన లాయరమ్మ తనకు తెలిసిన కంప్యూటరు ఇంజనీరమ్మాయికి పెట్టెను చూపించింది. లోపల ఒకటి కూర్చుని పది నిమిషాలకోసారి లేచి, మన కాగితాలన్నీ బయటికి పంపుతోందట. "డిస్కు సాక్ష్యానికి దాచండి. కొత్తదాంట్లో లినక్స్ మొదటి నుంచి ఎక్కించుకోవాలి. పోయినవి మాత్రం పోయినట్టే ఆంటీ" అంది. ఛంగున్ నంబరు పనిచెయ్యడం లేదు. రెండో బిల్డింగులో అతను చెప్పిన పేరున్న మనిషే ఎప్పుడూ పనిచెయ్యలేదు.

ఆ ఇస్త్రీ బట్టలవాళ్ళు జాబితా వరుసలోనే వెళుతున్నారు. దగ్గర ఇల్లు, దూరం ఇల్లు అని చూడడం లేదు. నేను రాసుకున్న వరుసే. పోయిన వారం దో పిల్సప్ వచ్చాడు. భార్య పోయినరోజు కూడా గొంతు పెంచని మనిషి. ఫైలు బల్ల మీద పడేసి, "నా పేరు కొట్టెయ్. కారణం అడక్కు" అన్నాడు. అడగలేదు. డిసెంబరు పన్నెండున విచారణ. ఇప్పటికి పద్దెనిమిది మంది తప్పుకున్నారు. మల్సున్ మాత్రం సంతకం పెట్టలేదు. నాతో మాట్లాడడమూ లేదు.

నువ్వు తిరిగి రావాలని ఇది రాయడం లేదు. నీ మాటే నిజమని రాయాలనిపించింది. ఒంటరిగా ఉన్నదానికి ఒక తియ్యని పిలుపు చాలని నాకు తెలియదు. నీకు తెలుసు. అందుకే అంత గట్టిగా అరిచావు.

మందులు మానకు.

నీ అక్క,
థాక్ గుమోక్

తా.క. పైన రాసిందంతా నిజమే, కానీ అసలు సంగతి రాయడానికి చెయ్యి రాక ఇంతసేపు తిరిగాను. ఫ్యాక్టరీలో రసాయనాల డ్రమ్ముల మీది చీటీలను ఫొటోలు తీసింది నువ్వేనని మనిద్దరికి తప్ప ఎవరికీ తెలియకూడదన్నావు. వెళ్ళేముందు జాబితాలో నీ వరుస మొత్తం చెరిపెయ్యమన్నావు. చెరిపేశానని చెప్పాను. అబద్ధం. విచారణలో నువ్వు లేకపోతే కేసు నిలవదని భయపడి ఉంచేశాను. మెడికల్ సర్టిఫికెట్టు పంపమని జూన్‌లో నువ్వు చీటీ రాసి పంపిన కొత్త అడ్రసు కూడా దాని పక్కనే కొట్టాను. ఫొటోలు తీసింది ఈమే అని కూడా అక్కడే ఉంది. నీది ఇరవై నాలుగో వరుస. నిన్న ఇరవై రెండో ఇంటికి వెళ్ళారు. ఇది చదివి నన్ను తిట్టడానికి కూడా ఆగకు, వెంటనే ఇల్లు మారు. ఈ ఉత్తరం నీ చేతికి వచ్చిందంటే, ఆ జాబితాలో ఉన్న అడ్రసు సరైనదే.